సోమశిల వెళ్దామనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కొల్లాపూర్ పక్క ఊరు. మామిడి కోతలు మొదలైనా, కృష్ణ నిండినా మాకు ఫోన్లు మొదలవుతాయి. "సోమశిల పోదామనుకుంటున్నం, ఇప్పుడొస్తే బాగుంటదా?" అని చుట్టాలు అడుగుతారు, చుట్టాల స్నేహితులు అడుగుతారు. అందరికీ చెప్పే జవాబులనే ఇక్కడ ఒకచోట రాసి పెట్టాను.

సోమశిల అంటే నెల్లూరు డ్యామేనా?

కాదు. అది పెన్నా నది మీద, నెల్లూరు జిల్లాలో ఉంది. మన సోమశిల కృష్ణా ఒడ్డున, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో ఉన్న చిన్న పల్లె. 2016 అక్టోబర్ దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఫోన్లో దారి పెట్టుకునేటప్పుడు "కొల్లాపూర్ సోమశిల" అని కొట్టండి. ఒక్క మాట తగ్గితే ఫోను మిమ్మల్ని నెల్లూరు బాట పట్టిస్తుంది.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

ముందు మీకేం కావాలో తేల్చుకోండి. నిండు నీళ్లు కావాలా, నీళ్లలోంచి బయటపడే గుడి కావాలా, మామిడిపండ్లు కావాలా? మూడూ ఒకేసారి దొరకవు. ఇది తెలియక వచ్చి నిరాశపడి పోయినవాళ్లను చాలామందిని చూశాను.

సోమశిల ముందు మీకు కనబడే నీళ్లు శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. ఎగువన వానలు పడి, జూరాల నుంచి, తుంగభద్ర నుంచి వరద దిగితే సాధారణంగా ఆగస్టుకల్లా నది నిండుతుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ మట్టానికి దగ్గరపడ్డప్పుడు ఒడ్డున నిలబడితే ఎదుటి నల్లమల గుట్టలు నీళ్లలోంచే మొలిచినట్టుంటాయి. ఈ వైభవం చూడాలంటే సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపు రండి. కార్తీకం ఇంకా మంచిది. ఎండ ఉండదు, గాలి చల్లగా ఉంటుంది, సాయంత్రం దీపాలు వదులుతారు.

సంక్రాంతి దాటాక నీళ్లు జారడం మొదలవుతుంది. కరెంటుకు, సాగుకు, తాగునీటికి వాడుకునే కొద్దీ ఒడ్డు రోజుకింత కిందికి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వస్తే నది సన్నబడి, మధ్యలో ఒండ్రు నేల బయటపడి, కొంతమంది అందులో పంట వేసుకుని కనిపిస్తారు. మామిడి కాలం కూడా అదే. అవతలి ఒడ్డు సంగమేశ్వరం గుడి బయట ఉండేది కూడా అప్పుడే. కాకపోతే ఎండలు మండిపోతాయి. పదకొండు దాటితే నది దగ్గర నిలబడలేరు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఏప్రిల్ చివరి వారం అంటాను. తెల్లారేసరికి నది దగ్గర ఉండాలి, పదింటికల్లా తోటలోకి వెళ్లిపోవాలి.

ఎలా రావాలి?

హైదరాబాద్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. జడ్చర్ల దాకా బెంగళూరు హైవే మీద వచ్చి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరవచ్చు. శ్రీశైలం రోడ్డు పట్టి కల్వకుర్తి దగ్గర తిరిగినా వస్తారు. నల్గొండ వాళ్లకు దేవరకొండ, డిండి, అచ్చంపేట దారి. కర్నూలు నుంచి వచ్చేవాళ్లు బీచుపల్లి దాటి పెబ్బేరు దగ్గర మలుపు తిరగాలి. కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే.

కొల్లాపూర్‌లో ఆర్టీసీ డిపో ఉంది కాబట్టి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి బస్సులు దొరుకుతాయి. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ఒప్పించుకోండి, సాయంత్రమైతే ఊళ్లో బండ్లు తక్కువ. కొల్లాపూర్‌కు రైలు లేదు.

నీళ్లలో మునిగే గుడి సోమశిలలోనే ఉందా?

లేదు, అది సంగమేశ్వరం. నదికి అవతల ఆంధ్రప్రదేశ్‌లో, నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలో ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి కలిసే చోటని సప్తనదీ సంగమం అంటారు. గర్భగుడిలో ఉన్నది వేపమాను లింగం. ధర్మరాజు ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకుంటే లింగం తేవడానికి వెళ్లిన భీముడు ఆలస్యం చేశాడని, వేళ మించిపోకుండా వేపమొద్దునే చెక్కి నిలిపారని స్థలపురాణం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి కూడా ఆ కొయ్య లింగం నిలిచి ఉంది.

నీళ్లు తగ్గేటప్పుడు ముందు శిఖరం బయటపడుతుంది. అప్పుడు పూజారి పడవ మీద వచ్చి శిఖరానికే పూజ చేస్తాడు. తర్వాత రోజులకొద్దీ ఎదురుచూపు. గోడలు, మెట్లు, చివరికి గర్భగుడి తేలతాయి. వానాకాలంలో నీళ్లు గుమ్మం తాకగానే మళ్లీ చివరి హారతి ఇచ్చి గంగమ్మకు అప్పజెబుతారు.

ఒకసారి నీళ్లు తీసిన రెండు మూడు రోజులకే మా మేనమామతో వెళ్లాను. గోడ రాళ్ల సందుల్లో తెగిన వల పోగులు చిక్కుకుని ఉన్నాయి. మెట్ల మీద బురద ఇంకా పచ్చిగానే ఉంది, చెప్పులు విడిచి కాలు పెడితే చీలమండ దాకా దిగింది. చిన్న చిన్న గవ్వలు అరికాలికి గుచ్చుకున్నాయి. లోపల పూజారి, ఇంకో ఇద్దరు మనుషులు బిందెలతో నీళ్లు పోసి లింగం మీది ఒండ్రు కడుగుతున్నారు. బురద కిందికి జారి నల్లటి కొయ్య కనబడగానే మామ ఒక్క మాట కూడా లేకుండా చేతులు జోడించాడు.

అలంపూర్ సంగమేశ్వరాలయం, ఇదీ ఒకటేనా?

రెండూ వేరు. అలంపూర్‌లో ఉన్నది కూడవెల్లి సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట చాళుక్యుల కాలంలో కట్టిన గుడి. శ్రీశైలం ముంపులో పోకుండా రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, అలంపూర్ తెచ్చి మళ్లీ కట్టారు. అది ఏడాది పొడుగునా చూడొచ్చు. మునిగి తేలేది సప్తనది సంగమేశ్వరం ఒక్కటే.

సోమశిల గుళ్లు పురాతనమైనవంటారు, మరి కొత్తగా కట్టినట్టున్నాయేంటి?

ఈ ప్రశ్న అడిగితే మాకు సంతోషం. ఎందుకంటే చాలామంది అడగరు.

పాత సోమశిల ఇప్పుడు నీళ్ల కింద ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. లలితా సోమేశ్వరుడి గుడిని, దానితో పాటు ఉన్న చిన్న గుళ్లను విప్పి పైన మెరక మీద తిరిగి నిలబెట్టారు. ద్వాదశ జ్యోతిర్లింగాల పేర్లతో పన్నెండు లింగాలు ఇక్కడే వరసగా దర్శనం చేసుకోవచ్చు. కొల్లాపూర్ మాధవస్వామి గుడిదీ ఇదే కథ. మంచాలకట్ట నుంచి వచ్చింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు.

గుళ్లను విప్పి తెచ్చుకోగలిగారు. ఇళ్లను, చెలకలను, బావులను తెచ్చుకోలేకపోయారు. మా అమ్మమ్మ పుట్టిల్లు ముంపు ఊరు. నీళ్లు బాగా తగ్గిన సంవత్సరాల్లో తాత మమ్మల్ని తీసుకెళ్లి ఒండ్రులో కనబడే రాళ్ల వరస చూపించి, "ఇగో, ఇది మీ అమ్మమ్మ వాళ్ల అరుగు" అనేవాడు. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ రాలేదు. రమ్మంటే, "ఆడ ఏముందని రావాలె బిడ్డా" అనేది. ముంపు బాధితుల ఇళ్లలో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్న 98 జీవో 1986లో వచ్చింది. ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు ఈ ప్రాంతంలో ఎంతోమంది ఉన్నారు. పడవ ఎక్కినప్పుడు నడిపే పెద్దాయనను "మీ పాత ఊరు ఏ దిక్కు?" అని అడగండి. చెయ్యి చాపి చూపిస్తాడు. కెమెరా పక్కన పెట్టి వినండి.

పడవలో తిప్పుతారా? భయం లేదా?

తిప్పుతారు. పర్యాటక శాఖ లాంచీలున్నాయి, స్థానికుల మోటారు పడవలూ ఉన్నాయి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీ యాత్ర నడుపుతారు. నల్లమల గుట్టల మధ్య నుంచి దాదాపు రోజంతా సాగుతుంది. నీటి మట్టాన్ని బట్టి, జనం బుకింగ్‌ను బట్టి తేదీలు మారతాయి కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోండి. వేసవిలో సంగమేశ్వరం వెళ్లాలంటే కూడా పడవే దగ్గర. రోడ్డు మీద వెళ్తే వంద కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాలి.

భయం సంగతి అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర ఈ నదిలోనే పడవ మునిగి పదుల మంది చనిపోయారు. అటుపక్క నుంచి ఇంటికి తిరిగొస్తున్న జనం. ఆ ఏడు మా చుట్టుపక్కల సంక్రాంతి సంతోషం ఎవరికీ మిగల్లేదు. అందుకే పడవ విషయంలో మొహమాటపడకండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. ఇచ్చినదాన్ని ఒళ్లో పెట్టుకోకుండా తొడుక్కుని బకిళ్లు బిగించుకోండి. జనం ఎక్కువైతే తర్వాతి పడవకు ఆగండి. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే నది ముఖం మారిపోతుంది. పడవవాళ్లు "ఇప్పుడొద్దు" అంటే బతిమాలొద్దు, ఎక్కువ డబ్బులిస్తామనొద్దు.

నదిలో ఈత కొట్టొచ్చా?

వద్దు. ఘాట్ మెట్ల మీద కూర్చుని స్నానం చేయండి, అంతే. ఇది ఇసుక ఒడ్డు కాదు. ఒకప్పటి గుట్టలు, లోయలు, బావులు నీళ్ల కింద అలాగే ఉన్నాయి. రెండడుగులు మోకాటి లోతుంటుంది, మూడో అడుగు ఎక్కడ పడుతుందో ఈ ఊరి పిల్లలకే తెలియదు.

చేపలు ఎక్కడ తినాలి?

ఒడ్డునే. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్లలు, ఒక్కోసారి కొర్రమట్ట దొరుకుతాయి. తెల్లవారుజామున పుట్టి మీద వెళ్లినవాళ్లు పొద్దెక్కేసరికి ఒడ్డుకొస్తారు. వాళ్ల దగ్గర కొని, పక్కనే వండి పెట్టే ఇంట్లో ఇస్తే జొన్న రొట్టె, చేపల పులుసు చేసిపెడతారు. రెండు గంటలు పడుతుంది, తొందరపెట్టొద్దు. చింతపండు పులుసు చేప ముక్కకు పట్టాలంటే ఆ మాత్రం టైం కావాలి.

ఒక్క విన్నపం. వేలెడంత చేప పిల్లలు ఎండబెట్టి అమ్ముతుంటే కొనకండి. అవి అలవి వలలతో పట్టినవి. దోమతెర లాంటి ఆ వల పిల్లల్ని, గుడ్లను కూడా ఊడ్చేస్తుంది. ఆ వలలు నిషేధం. పుట్టి మీద బతికే మత్స్యకారులు వాటి మీద ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొనేవాళ్లుంటేనే వేసేవాళ్లుంటారు.

కొల్లాపూర్ మామిడి గురించి చాలా విన్నాం. తోటలు చూడనిస్తారా? కాయలు ఎలా కొనాలి?

చూడనిస్తారు, అడిగి వెళ్తే. ఇక్కడ తోటలు చాలావరకు పూత మీదో, పిందె మీదో గుత్తకు ఇచ్చేస్తారు. కాబట్టి ఆ ఏడాది కాయ రైతుది కాదు, గుత్త పట్టినవాళ్లది. తోటలో గుడిసె వేసుకుని కావలి ఉన్నవాళ్లను పలకరించండి. చెట్టు కింద రాలిన కాయైనా వాళ్లను అడిగే తీసుకోవాలి. తేనెమంచు పురుగుకు, అకాల గాలివానకు సగం పంట పోగొట్టుకుని మిగిలిన సగాన్ని కాపాడుకుంటున్నవాళ్లు వాళ్లు.

ఇక్కడ పేరున్నది బేనిషాన్. బయట బంగినపల్లి అంటారు. దసేరి, హిమాయత్, తోతాపరి కూడా ఉన్నాయి, కానీ కొల్లాపూర్ అంటే బేనిషానే. కోత చూడాలంటే తెల్లారి రండి. పొడుగాటి వెదురు గడకు చిక్కం కట్టి, కాయను అందులోకి తీసుకుని తొడిమెతో సహా తెంపుతారు. తొడిమె ఊడితే సొన కాయ మీదికి కారి నల్ల మచ్చ పడుతుంది, ఆ కాయకు ధర పలకదు. కింద ఆడవాళ్లు తొడిమె తుంచి, సొన కారిపోయేలా కాయలను బోర్లా పెడతారు. వాళ్ల చేతులు చూడండి, సొన పడి కాలిన మచ్చలుంటాయి. మీ పిల్లలను ఆ కాయలు ముట్టుకోనివ్వకండి, చర్మం పొక్కుతుంది.

కొనేటప్పుడు పచ్చికాయే కొనండి. పసుపుపచ్చగా మెరిసేది చూసి మోసపోకండి. నేను ఒకసారి దారిలో అలాంటి పెట్టె కొని ఇంటికి తెచ్చాను. పైన బంగారం, లోపల టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉంది. కార్బైడ్ పెట్టినవి. చట్టప్రకారం అది నిషేధం, ఒంటికీ మంచిది కాదు. భుజాలు నిండుగా లేచి, తొడిమె దగ్గర చిన్న గుంట పడిన కాయ ముదిరినట్టు. ఇంటికి తెచ్చి వరిగడ్డి పరిచి, ఒక వరస కాయ, ఒక వరస గడ్డి వేసి చీకటి మూల పెట్టండి. ఐదారు రోజులకు గదిలో అడుగు పెట్టగానే వాసన చెబుతుంది. అప్పుడు కూడా అన్నీ ఒకేసారి పండవు. రోజూ ఒక్కొక్కటే మెత్తగా ఒత్తి చూసి తీసుకోండి. మా నాయిన అయితే పండిన కాయను రాత్రంతా కుండలో చల్లని నీళ్లలో వేసి తెల్లారి కోసేవాడు. ఫ్రిజ్‌లో పెట్టిన పండుకు ఆ రుచి రాదు.

కల్లు దొరుకుతుందా?

పాలమూరులో కల్లు లేని ఊరుంటుందా! కాకపోతే చెట్టు దగ్గర, మీ కళ్లముందు దించినదే తాగండి. దుకాణాల్లో మందు కలిపిన కల్లు తాగి ఆసుపత్రి పాలైనవాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. కల్లయినా, మందయినా పడవ దిగాకే.

రాత్రి ఉండొచ్చా?

సోమశిలలో పర్యాటక శాఖ హరిత కాటేజీలున్నాయి. నది కనబడుతుంది. శని, ఆదివారాలకు, కార్తీక సోమవారాలకు, శివరాత్రికి ముందే బుక్ చేసుకోండి. దొరక్కపోతే కొల్లాపూర్‌లో లాడ్జీలున్నాయి.

2024లో కేంద్ర పర్యాటక శాఖ సోమశిలను ఆధ్యాత్మిక విభాగంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అప్పటి నుంచి జనం పెరిగారు. అయినా రాత్రి తొమ్మిది దాటితే ఊరు ఊరంతా సద్దుమణుగుతుంది. పెట్రోలు, ఏటీఎం, మందుల షాపు, ఆసుపత్రి పనులు కొల్లాపూర్‌లోనే చూసుకుని రావాలి.

అమరగిరి దీవులు అని వీడియోల్లో చూశాం, అక్కడికి వెళ్లొచ్చా?

అమరగిరి చెంచుల పెంట, అంటే చెంచుల గూడెం, ఉన్న ఊరు. నీళ్లు నిండినప్పుడు గుట్టల కొసలు దీవుల్లా కనిపిస్తాయి, నిజంగానే బాగుంటుంది. కానీ అది నల్లమల. టైగర్ రిజర్వు అడవి దగ్గరిది. అనుమతి ఉన్న చోటికే వెళ్లండి, దీవుల మీద గుడారాలు వేసి మంటలు పెట్టొద్దు. చెంచుల ఇళ్ల ముందు నిలబడి అడగకుండా ఫొటోలు తీయొద్దు.

దారిలో ఇంకేం చూడొచ్చు?

సింగోటం తప్పకుండా ఆగండి. శ్రీవారి సముద్రం అనే పెద్ద చెరువు, దాని గట్టున లక్ష్మీనరసింహస్వామి గుడి. సంక్రాంతికి జరిగే జాతరకు మా వైపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు వెళ్తారు. కొల్లాపూర్‌లో సురభి రాజుల కోట, మాధవస్వామి గుడి ఉన్నాయి. గుడి గోడల మీది విష్ణుమూర్తి రూపాలను నెమ్మదిగా ఒక్కొక్కటే చూస్తే గంట పడుతుంది. టైం ఉంటే జటప్రోలు.

ముసలివాళ్లను తీసుకురావచ్చా?

నీళ్లు నిండుగా ఉన్నప్పుడు తీసుకురండి, ఘాట్ మెట్లు నాలుగు దిగితే నది అందుతుంది. వేసవిలో నీళ్లు చాలా కిందికి పోతాయి. వాలు మీద బురదలో నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

ఊరివాళ్లు మా నుంచి ఏం కోరుకుంటారు?

సీసాలు పగలగొట్టొద్దు. ఒడ్డున పగిలిన సీసా పెంకు వరదకు నీళ్లలోకి పోతుంది, నీళ్లు తగ్గాక బురదలో దాగి ఉంటుంది. వల లాగేవాళ్లంతా చెప్పులు లేకుండా దిగుతారు. పోయిన వేసవిలో మాకు చేపలు పోసే అక్క పాదానికి ఆరు కుట్లు పడ్డాయి. ఇరవై రోజులు పనికి పోలేదు. తాగిన సీసా బండిలో వేసుకుని వెళ్లిపోండి. దీపాలు వదిలేవాళ్లు థర్మకోల్ దొన్నెలు కాకుండా మోదుగాకు దొన్నెలు అడిగి కొనండి.

వంతెన వస్తోందంటున్నారు, నిజమేనా?

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 167కె జాతీయ రహదారి మీద తీగల వంతెనను 2022లో కేంద్రం ప్రకటించింది. అది వస్తే నంద్యాల, తిరుపతి దారి దగ్గరవుతుంది, అటు ఇటు చుట్టరికాలున్న మాకు ఆస్పత్రికీ, పెళ్లికీ, చావుకూ పడవ కోసం ఎదురుచూసే పని తప్పుతుంది. 2007 చూసినవాళ్లెవరూ వంతెన వద్దనరు.

మళ్లీ పుష్కరాలు ఎప్పుడు?

కృష్ణా పుష్కరాలు 2004లో, 2016లో జరిగాయి. మళ్లీ 2028లో. ఆ పన్నెండు రోజులూ సోమశిలలో కాలు పెట్టే సందుండదు. పుణ్యస్నానం కావాలంటే అప్పుడు రండి. నది చప్పుడు వినాలంటే మాత్రం ఒక మామూలు మంగళవారం నాడు రండి.